ఏ రేక్ ఎక్కడ, ఎప్పుడు పిట్ ఎక్కాలి: కోచింగ్ డిపోలో మెయింటెనెన్స్ ప్లాన్ వేయడం ఎలా

కోచింగ్ డిపోలో, అంటే ప్రయాణికుల రైళ్లని పరీక్షించి బాగుచేసే చోట, మీకు కొత్తగా ప్లానింగ్ సీటు ఇచ్చారనుకుందాం. మొదటి రోజే ఎవరో ఒకరు ఎక్సెల్ షీట్ ఒకటి చేతిలో పెట్టి, "ఏ రేక్ ఎప్పుడు పిట్‌కి రావాలో అంతా ఇందులో ఉంది, చూసుకోండి" అంటారు. దాన్ని దాచుకోండి గానీ నమ్మకండి. ఆ షీట్ వేసినవాళ్లు టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని వేశారు. ఆ టైమ్‌టేబుల్ రైళ్లు పాటించాలి కదా. నేను ఈ సీట్లో కూర్చున్నన్నాళ్లూ తిట్లు తిని నేర్చుకున్నది ఒక్కటే: ప్లాన్ వేసేటప్పుడు రైలు లేటుగానే వస్తుందని వేయాలి. టైముకి వస్తే ఆ రోజు టీ ప్రశాంతంగా తాగొచ్చు.

ముందు ఒక మాట తేడా. బయట అందరూ పెట్టెని బోగీ అంటారు. డిపోలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఫోన్లో "బోగీ సిక్ అయింది" అని వినగానే మొత్తం పెట్టె తీసేయాలేమోనని కంగారుపడకండి. ఇక్కడ నేను పెట్టెని కోచ్ అనే అంటాను. ఇరవై, ఇరవై రెండు కోచ్‌లు కలిపి ఒక రైలుగా నడిచేదే రేక్. దాన్ని నిలబెట్టి కిందినుంచి పరీక్షించడానికి గోయి ఉన్న పట్టాలే పిట్.

ముందు లింక్ గీయండి

తెల్ల కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా స్టేషన్లు వేసుకోండి. ఒక్కో రేక్ ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుతుందో, అక్కడ ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందో గీత గీయండి. దీన్నే రేక్ లింక్ అంటారు. కంప్యూటర్లో ఉంటుంది నిజమే, అయినా మొదటి నెల చేత్తో గీయండి. అప్పుడే ఖాళీలు కళ్లకి కనిపిస్తాయి.

రెండు రకాల రైళ్లు తీసుకుందాం. మొదటిది రాత్రి రైలు. సాయంత్రం అయిదింటికి మన ఊళ్లో బయలుదేరి, 700 కి.మీ. నడిచి, తెల్లారి అయిదున్నరకి అవతలి ఊరు చేరుతుంది. విశాఖపట్నం, హైదరాబాద్ మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ నడిచేది దాదాపు ఈ పద్ధతిలోనే. పగలంతా అక్కడ ఉండి, సాయంత్రం అయిదింటికి మళ్లీ బయలుదేరి, మూడో రోజు తెల్లారి అయిదున్నరకి మన ఊరు వస్తుంది. అంటే ఒక చుట్టుకి 48 గంటలు. రోజూ నడవాలంటే రెండు రేక్‌లు కావాలి. మన దగ్గర పగలు పదకొండున్నర గంటల ఖాళీ.

రెండోది తెలంగాణ ఎక్స్‌ప్రెస్ లాంటిది. హైదరాబాద్‌లో ఉదయం ఆరు ప్రాంతంలో బయలుదేరి, మర్నాడు ఉదయం న్యూఢిల్లీ చేరుతుంది. ఆ సాయంత్రం నాలుగింటికి అక్కడ బయలుదేరి, మూడో రోజు సాయంత్రం ఆరు దరిదాపుల్లో వెనక్కి వస్తుంది. అదే రేక్ మళ్లీ నాలుగో రోజు ఉదయం వెళ్లాలి. చుట్టు మూడు రోజులు, కనీసం మూడు రేక్‌లు. దీనికి ఖాళీ రాత్రిపూట, సుమారు పన్నెండు గంటలు.

ఈ రెండు గీతలనీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. ఒకటి పగలు ఖాళీ, ఇంకొకటి రాత్రి ఖాళీ. పిట్ మాత్రం ఒకటే అయినా ఇద్దరికీ సరిపోతుంది. మీ పనిలో సగం ఇలాంటి జతలు వెతకడమే.

ఏ చివర చేయాలి

ప్రతి రేక్‌కీ ఒక సొంతూరు ఉంటుంది. దాన్ని బేస్ డిపో అంటారు, పూర్తి పరీక్ష జరిగేది అక్కడే. దీన్ని ప్రైమరీ మెయింటెనెన్స్ అంటారు. రేక్‌ని పిట్ లైన్ మీద నిలబెట్టి, కింద గోతిలో దిగి చక్రాలు, బ్రేకులు, స్ప్రింగులు, పైపులు అన్నీ చూస్తారు. అవతలి చివర చేసేది తక్కువ: ఊడ్చడం, నీళ్లు నింపడం, పైపైన చూడడం, బ్రేకు పరీక్ష. మరీ దూరం వెళ్లే రైలైతే అక్కడ కూడా పిట్ ఎక్కించి సెకండరీ చేయాలి.

ఎంత దూరానికి ఏది అన్నదానికి రైల్వే బోర్డు ఉత్తర్వులు ఉన్నాయి. రానూపోనూ కలిపి ఒక హద్దు దాటకపోతే ఒక చివర పూర్తి పరీక్ష చాలు. ఆ హద్దు చాలాకాలం 2500 కి.మీ. ఉండేది, తర్వాత 3500 చేశారు. ఇలాంటి అంకెలు మారుతుంటాయి కాబట్టి మీ డిపో ఫైల్లో తాజా ఉత్తర్వు తీసి చూసుకోండి, సీనియర్ చెప్పాడని రాసేయకండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి రావడం సుమారు 3350 కి.మీ. ఆ హద్దుకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. దారి మళ్లించి చుట్టూ తిప్పితే హద్దు దాటిపోతుంది. అందుకే రైలు మళ్లింపు కబురు రాగానే అదనంగా ఎన్ని కిలోమీటర్లో కూడా అడిగి రాసుకోవాలి.

కొత్త రైలుకి బేస్ ఎక్కడ పెట్టాలన్నది మీ చేతుల్లో ఉండదు. కానీ అభిప్రాయం అడుగుతారు. అప్పుడు మూడే చూడండి. రేక్ ఎక్కువసేపు ఖాళీగా ఉండే చివర ఏది? అక్కడ ఆ టైములో పిట్ ఖాళీగా ఉందా? ప్లాట్‌ఫామ్ నుంచి పిట్‌కి ఎంత దూరం? ఈ మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. ఈ మధ్య సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లి నుంచి బయలుదేరుతున్నాయి. ఇలా బయలుదేరే స్టేషన్ మారి, పిట్ పాత చోటే ఉంటే, ఖాళీ రేక్‌ని అటూ ఇటూ నడిపించాలి. దానికి ఇంజన్ కావాలి, సిబ్బంది కావాలి, మెయిన్ లైన్ మీద దారి కావాలి. మ్యాప్‌లో చూస్తే పక్కనే ఉంటుంది. నడిపిస్తే గంటన్నర పోతుంది.

పిట్ మీద గంటలు పంచండి

ప్రైమరీకి పిట్ మీద ఆరు గంటలు అని లెక్క. ఆ ఆరు గంటలు రేక్ పిట్ మీద నిలబడ్డాకే మొదలవుతాయి. మన రాత్రి రైలు రేక్ కథ చూడండి:

తెల్లారి 5:30కి రైలు వచ్చింది. జనం దిగి, పార్సిల్ దించి, ప్లాట్‌ఫామ్ ఖాళీ అయ్యేసరికి 6:15. షంటింగ్ ఇంజన్ వచ్చి తగిలించుకుని, యార్డులో దారి దొరికి, పిట్ మీదకి చేరేసరికి 7:15. ఆరు గంటల పని, 1:15. మళ్లీ ఇంజన్, మళ్లీ దారి, ప్లాట్‌ఫామ్ మీద బయలుదేరడానికి గంట ముందే, అంటే నాలుగింటికే ఉండాలి. యార్డు నడకకి గంట వేసుకుంటే మూడింటికి పిట్ వదలాలి. పదకొండున్నర గంటల ఖాళీలో నిజంగా మిగిలింది గంటా ముప్పావు.

ఆ గంటా ముప్పావే మీ ఆస్తి. రైలు రెండు గంటలు లేటైతే అదీ పోయింది.

ఇప్పుడు ఒక పిట్‌కి రోజుకి ఎన్ని రేక్‌లు? ఆరు గంటల పని, రాకపోకలకి గంట. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, కాబట్టి కాగితం మీద మూడు. పైవాళ్లకి ఇచ్చే నోట్‌లో మూడే రాస్తారు. నా అనుభవంలో నిలకడగా రెండు, మూడోది దేవుడి దయ. ఎందుకంటే రైళ్లు ఇరవై నాలుగు గంటలూ సమంగా పంచుకుని రావు. మన ఊళ్లకి వచ్చే రాత్రి రైళ్లన్నీ తెల్లారి నాలుగు నుంచి ఎనిమిది మధ్యే వచ్చి పడతాయి, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మధ్యే వెళ్తాయి. పగలు పిట్ కోసం కొట్లాట, రాత్రి రెండింటికి పిట్ మీద కుక్క పడుకుని ఉంటుంది. అందుకే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి ఖాళీ రేక్ ఎప్పుడు దొరికినా వదలకండి. పగటి రేక్ మూడింటికి దిగితే, ఇది సాయంత్రం ఏడున్నరకి ఎక్కి రాత్రి ఒకటిన్నరకి దిగుతుంది. తెల్లారి వచ్చేవాటికి పిట్ ఖాళీ.

రాత్రి షిఫ్టుకి మనుషులు తక్కువ ఉంటారన్నది నిజమే. వెలుతురు కూడా. గోతిలో పక్కనుంచి లైట్లు వెలగని పిట్ మీద బ్రేక్ ప్యాడ్ ఎంత అరిగిందో టార్చి పట్టుకుని చూడమనడం న్యాయం కాదు. రాత్రి పని పెంచేముందు ఒకసారి మీరే దిగి చూసి రండి.

తేదీలు: కోచ్ చివర గోడ మీద చూడండి

రేక్‌ది రోజువారీ లెక్క. కోచ్‌లది నెలల లెక్క. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఉన్న ఏ కోచ్ అయినా చివర గోడ చూడండి. స్టెన్సిల్‌తో చిన్న అక్షరాలు ఉంటాయి: ఏ వర్క్‌షాప్‌లో ఎప్పుడు పీఓహెచ్ (గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతు) అయింది, మళ్లీ ఎప్పటికి తిరిగి వెళ్లాలి. కోచ్ జాతకం అంతా ఆ అరగజం చోటులో ఉంటుంది. కోచ్‌ల మెయింటెనెన్స్ లెక్కలుండే సీఎంఎం సాఫ్ట్‌వేర్‌లో తేదీకీ గోడ మీద తేదీకీ తేడా కనిపిస్తే రెండింటినీ నమ్మకుండా, పాత కాగితం తీయండి.

పాత ఐసీఎఫ్ రకం కోచ్‌లకి నెలకోసారి 'ఏ' షెడ్యూల్, మూడు నెలలకి 'బీ' షెడ్యూల్, తొమ్మిది నెలలకి ఐఓహెచ్ (మధ్యలో చేసే మరమ్మతు), పద్దెనిమిది నెలలకి వర్క్‌షాప్‌లో పీఓహెచ్. 2018లో ఆ రకం తయారీ ఆపేశారు గానీ నడిచేవి ఇంకా ఉన్నాయి. కొత్త రకమైన ఎల్‌హెచ్‌బీ కోచ్‌లకి పేర్లు వేరు: డీ1 ట్రిప్పుకి లేదా వారానికి, డీ2 నెలకి, డీ3 ఆరు నెలలకి. ఆపైన వర్క్‌షాప్‌వి ఎస్‌ఎస్‌1, ఎస్‌ఎస్‌2, ఎస్‌ఎస్‌3. ఇవి వరసగా పద్దెనిమిది నెలలు, మూడేళ్లు, ఆరేళ్లు, లేదా 6 లక్షలు, 12 లక్షలు, 24 లక్షల కి.మీ., ఏది ముందు వస్తే అది.

ఈ "ఏది ముందు" అన్నచోటే కొత్తవాళ్లు బోల్తా పడతారు. మన రాత్రి రైలు రోజుకి 700 కి.మీ. నడుస్తుంది. 6 లక్షలు చేరాలంటే దాదాపు 850 రోజులు. కాబట్టి నెలలే ముందొస్తాయి, క్యాలెండర్ చూసుకుంటే చాలు. ఢిల్లీ రేక్ మూడు రోజులకి 3350 అంటే రోజుకి 1100 పైనే. 6 లక్షలకి దాదాపు 540 రోజులు, అంటే సరిగ్గా పద్దెనిమిది నెలల గడప మీద. దాన్ని మధ్యలో ఏ వీక్లీ స్పెషల్‌కో వాడుకున్నారంటే కిలోమీటర్లే ముందొచ్చేస్తాయి, మీరు క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటే తేదీ దాటిపోతుంది. ఒక రేక్‌ని రెండు మూడు రైళ్లకి కలిపి వాడే పద్ధతి ప్రయాణికులకి మంచిదే, నేను కాదనను. కానీ అలా కలిపినప్పుడల్లా మన గంటా ముప్పావే కరుగుతుంది.

నెలవారీ షెడ్యూల్‌కి మూడు రోజులు అటూ ఇటూ, మూడు నెలల దానికి ఏడు రోజులు అటూ ఇటూ వెసులుబాటు ఉంది. దీన్ని మొదటి రోజే వాడేయకండి. తేదీకి మూడు రోజుల ముందు రేక్ మన దగ్గర ఉంటే ముందే చేసేయండి. వెనక మూడు రోజులు లేటు రైలు కోసం దాచండి.

వర్క్‌షాప్ కోటా

దక్షిణ మధ్య రైల్వేలో కోచ్‌లు వెళ్లేది ముఖ్యంగా రెండు చోట్లకి: నిజాం రైల్వే కాలంలో 1893లో పెట్టిన లాలాగూడ వర్క్‌షాప్, తిరుపతి దగ్గర సెట్టిపల్లిలోని క్యారేజ్ రిపేర్ షాప్. ఎన్ని కోచ్‌లు పంపాలో నెలనెలా కోటా ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి లాలాగూడ పక్కవీధి లాంటిది. తిరుపతికైతే పోయే రోజులూ వచ్చే రోజులూ కూడా కోచ్ చేతిలో లేనట్టే లెక్కేయండి.

చిక్కు ఎక్కడంటే, కొత్త ఎల్‌హెచ్‌బీ రేక్‌లు ఫ్యాక్టరీ నుంచి ఒక్కసారే దిగుతాయి. 22 కోచ్‌ల రేక్‌లు నాలుగు ఒకే నెలలో వచ్చాయనుకోండి, 88 కోచ్‌లు. పద్దెనిమిది నెలలు హాయిగా గడుస్తాయి. పంతొమ్మిదో నెలలో 88కి 88 డ్యూ. వర్క్‌షాప్ తీసుకోదు, మీ దగ్గర మార్చడానికి స్పేర్లు ఉండవు. 88ని పద్దెనిమిదితో భాగిస్తే నెలకి దాదాపు అయిదు. కాబట్టి మొదటి ఏడాదిలోనే నెలకి అయిదేసి చొప్పున తేదీకి ముందే పంపడం మొదలుపెట్టండి. "ఇంకా బోలెడు టైముంది కదా, ఇప్పుడే ఎందుకు" అని పైనుంచి అడుగుతారు. ఆ 88 అంకె చూపించండి. మొదట కొన్ని నెలల వాడకం నష్టపోతాం, ఆ తర్వాత తేదీలు చెదిరిపోయి ఎప్పటికీ గుంపుగా రావు.

కోచ్ వెళ్లేముందు దాని చోట అదే రకం కోచ్ పెట్టాలి. స్లీపర్లకి స్పేర్ దొరుకుతుంది. ఫస్ట్ ఏసీ, ప్యాంట్రీ, పవర్ కార్ (రైలంతటికీ కరెంటు ఇచ్చే కోచ్) దొరకవు. జాబితా రాసేటప్పుడు ఈ మూడింటినీ పైన రాసుకుని, వాటి తేదీలు ముందు ఖాయం చేసి, మిగతావి వాటి చుట్టూ అమర్చండి.

సంక్రాంతికి నెల ముందు నుంచి, అది దాటేదాకా ఏ కోచ్‌కీ డ్యూ పడకుండా చూసుకోండి. దసరా, వేసవి సెలవులు కూడా అంతే. నడవగలిగిన ప్రతి స్పేర్ కోచ్‌నీ స్పెషల్ రైళ్లకి లాగేస్తారు. ఒకసారి జనవరి మొదటి వారంలో నాకు నాలుగు స్లీపర్లు డ్యూ పడ్డాయి. అక్టోబరులోనే పంపాల్సినవి, పండగ అయ్యాక చూద్దాంలే అని నేనే వదిలేశాను. స్పేర్లన్నీ స్పెషల్స్‌లో వెళ్లిపోయాయి. తేదీ దాటిన కోచ్‌ని రైల్లో ఉంచే వీల్లేదు. చివరికి రిజర్వేషన్ అయిపోయిన రైలుకి రెండు కోచ్‌లు తక్కువ పడి, కిందా మీదా పడి పక్క డివిజన్ నుంచి తెప్పించాం. ఆ రాత్రి ప్లాట్‌ఫామ్ మీద చార్ట్ పట్టుకుని ఎస్‌9 ఎక్కడని నన్ను అడిగిన పెద్దాయన మొహం ఇప్పటికీ గుర్తే. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ నెలల్లో పడే తేదీలు ఇప్పుడే చూసుకుని, ఆ పని అంతకుముందే అయిపోయేలా జరపండి.

వందేభారత్‌ది వేరే లెక్క

దీని గురించి ఎక్కువ చెప్పను. ఇది సెట్‌గా వచ్చే రైలు. మామూలు రేక్‌లా ఒక కోచ్ తీసి ఇంకొకటి పెట్టడం కుదరదు. 2023 సంక్రాంతికి మొదలైన విశాఖపట్నం, సికింద్రాబాద్ వందేభారత్‌నే చూడండి. తెల్లారి ఆరులోపు విశాఖలో బయలుదేరి, మధ్యాహ్నం సికింద్రాబాద్ చేరి, ముప్పావుగంటలో వెనక్కి తిరిగి, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో విశాఖ చేరేలా వేశారు. సికింద్రాబాద్‌లో ఊడ్చడానికే టైము సరిపోదు. విశాఖలో ఆరు గంటల రాత్రి. మరి పెద్ద పనులు ఎప్పుడు? వారానికి ఒక రోజు అది నడవదు కదా, అదే. ముందు రోజు రాత్రి వచ్చింది ఎల్లుండి తెల్లారి వెళ్తుంది, ముప్పై గంటలు. ఇలాంటి సెట్ మీ డిపోకి వస్తే ఆ సెలవు రోజుని ఎవరికీ ఇవ్వకండి. స్పెషల్ నడుపుదాం, ఒక్క వారమే అంటారు. ఒక్క వారంతో ఆగదు.

రోజూ సాయంత్రం నాలుగింటికి

రేపటి జాబితా ఈరోజు సాయంత్రమే రాయాలి. రైళ్ల రాకపోకలు చూసే కోచింగ్ కంట్రోల్‌కి ఫోన్ చేసి వచ్చే రైళ్లు ఎక్కడున్నాయో అడగండి. స్టేషన్ వాళ్లతో ఏ రేక్ ముందు పిట్‌కి, ఏది స్టేబ్లింగ్ లైన్‌కి (ఖాళీ రేక్ నిలిపి ఉంచే పట్టాలకి) అన్నది మాట్లాడుకోండి. షంటింగ్ ఇంజన్ ఒకటే ఉంటే వరస ముఖ్యం: సాయంత్రం ముందు వెళ్లే రేక్ పొద్దున ముందు ఎక్కాలి, ముందు వచ్చింది కాదు.

ఆ జాబితా పక్కనే రెండో జాబితా ఉండాలి. రైలు మూడు గంటలు లేటైతే ఏది వదిలేస్తాం అని. లేటయ్యాక ఆలోచిస్తే టెన్షన్‌లో తప్పులు చేస్తాం. వదలదగ్గవి: బయటి గోడల కడుగుడు, వెసులుబాటు మిగిలి ఉన్న నెలవారీ పని, చిన్నాచితకా ఫిట్టింగులు. వదలకూడనివి: చక్రాలు, బోగీ, కప్లింగ్, బ్రేకులు, టాయిలెట్, నీళ్లు. నీళ్లు లేని రైలు పంపితే తర్వాతి స్టేషన్‌లో గొలుసు లాగుతారు, మీ అరగంట ఆదా అక్కడ పోతుంది.

లింకే తెగిపోయే రోజులు కూడా వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద మట్టి, కంకర వరదకి కొట్టుకుపోయినప్పుడు రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి, రద్దయ్యాయి, దారి మళ్లాయి. అలాంటప్పుడు పాత లింక్ కాగితం పక్కన పెట్టేయండి. ప్రతి రేక్ ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది, చివరిసారి ఎప్పుడు పిట్ ఎక్కింది, అప్పటినుంచి ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఈ మూడూ కొత్తగా రాసుకోండి. సొంతూరికి రాలేని రేక్‌ని దగ్గర్లో పిట్ ఉన్న ఏ డిపోలోనైనా చేయించండి. వాళ్లు ఒప్పుకోవడానికి మీరు వాళ్ల రేక్ ఒకటి చేసిపెట్టాల్సి వస్తుంది, చేయండి.

ఇక ఆఖరి పని. పిట్ మీద పని అయ్యాక బ్రేకు పరీక్ష. బ్రేక్ పైపులో 5, ఫీడ్ పైపులో 6 కేజీల ప్రెజర్ నిలవాలి, బయలుదేరే చోట బ్రేకులు నూటికి నూరూ పనిచేయాలి. అప్పుడే బీపీసీ, అంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ రాస్తారు. మూడు గంటలు లేటైన రోజున ఇక్కడికొచ్చేసరికి ప్లాట్‌ఫామ్ నుంచి అయిదు నిమిషాలకో ఫోన్ వస్తుంటుంది. ఆ ఫోన్ సూపర్‌వైజర్‌కి ఇవ్వకండి, మీరే ఎత్తండి. రైలుని ఎన్ని నిమిషాలు వెనక్కి వేయాలో ఒక అంకె చెప్పండి. ఇరవై అనిపిస్తే నలభై చెప్పండి. కింద గోతిలో ఉన్న ఫిట్టర్‌కి మాత్రం టైము సంగతి చెప్పకండి.